ఒక ఇనప పొయ్యి, పదిహేను మ్యాన్‌డేలు: గేమ్ ఆర్ట్ ఔట్‌సోర్సింగ్‌లో ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో గేమ్ ఆర్ట్ పనిలోకి వచ్చి నాకు పద్నాలుగేళ్లు దాటింది. మొదట ప్రాప్ ఆర్టిస్టుని, అంటే గేమ్‌లో కనిపించే సామాన్లు చేసేదాన్ని, ఇప్పుడు ఆర్ట్ లీడ్‌ని. విదేశీ స్టూడియోలు తీసే పెద్ద గేముల్లో కనిపించే బల్లలు, తలుపులు, పీపాలు, దీపస్తంభాలు, విరిగిన పడవలు మాలాంటి టీములు చేసి పంపుతాయి. ఆడేవాళ్ల చూపు తుపాకీ మీద, ఎదురుగా ఉన్న శత్రువు మీద ఉంటుంది. ఆ శత్రువు దాక్కున్న బీరువా ఎవరు చేశారన్న ఆలోచన వాళ్లకి రాదు, రావాల్సిన పనీ లేదు. కానీ ఆ బీరువాని ఎవరు, ఏ రేటుకి, ఏ షరతు మీద చేశారో చూస్తే ఈ వ్యాపారంలో డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో, నష్టం వచ్చినప్పుడు అది జారి జారి ఎవరి మీద పడుతుందో తెలుస్తుంది.

ఇది 2023 నాటి కేసు. స్టూడియో పేరు, క్లయింట్ పేరు, గేమ్ పేరు రాయడం లేదు. ఒప్పందం ఇంకా అమల్లో ఉంది. ఈ ఫీల్డులోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ఇరవై ముప్ఫై మందితో చిన్న స్టూడియోలు నడుపుతున్నవాళ్లు చదివితే, మేము చూసుకోకుండా సంతకం పెట్టిన కాగితం మీద వాళ్లు చూసుకుని సంతకం పెడతారని రాస్తున్నాను.

యూరప్‌లోని ఒక స్టూడియో మాకు 120 ప్రాప్‌ల ఆర్డర్ ఇచ్చింది. గేమ్‌లో ఒక పాడుబడ్డ రేవు పట్టణం ఉంది. చలి దేశం, ఉప్పు గాలి, జనం వదిలేసి వెళ్లిపోయిన ఇళ్లు. ఆ ఇళ్లలోని సామానంతా మా వంతు. ఎనిమిది మంది ఆర్టిస్టులు, ఏడు నెలల పని.

ధర ఎలా కడతారో ముందు చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మీదే నడిచింది. మా దగ్గర సరుకు కొలిచే పడి మ్యాన్‌డే. ఒక ఆర్టిస్టు ఒక రోజు చేసే పని అన్నమాట. క్లయింట్ కాన్సెప్ట్ బొమ్మ పంపుతాడు. బ్లాకౌట్ (ముతక ఆకారం), హై పాలీ (వివరాలన్నీ ఉన్న మోడల్), లో పాలీ (గేమ్‌లో నడిచే తేలిక మోడల్), యూవీ (రంగు వేయడానికి ఉపరితలాన్ని విప్పి పరవడం), బేక్ (మొదటి మోడల్ వివరాల్ని తేలిక మోడల్ మీదికి దించడం), టెక్స్చర్ (పైన వేసే రంగులు, మరకలు), ఎల్‌ఓడీలు (దూరం నుంచి చూపించే ఇంకా తేలిక రూపాలు) అన్నీ కలిపి ఎన్ని రోజులు పడుతుందో మేము అంచనా వేస్తాం. దాన్ని రోజు రేటుతో గుణిస్తే ఆ ఆసెట్ (గేమ్‌లో పెట్టే ఒక్కో వస్తువు) ధర వస్తుంది. ఒకసారి ధర ఒప్పుకున్నాక అది ఫిక్స్. అనుకున్నదాని కంటే ముందే అయిపోతే లాభం మాది, ఆలస్యమైతే నష్టం మాది. చాలాసార్లు ఆలస్యమే అవుతుంది. ఫీడ్‌బ్యాక్ ఎన్ని రౌండ్లు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, మా పాత ఒప్పందంలో దానికి హద్దు కూడా లేదు.

రోజు రేటు ఎంతో నేను ఇక్కడ చెప్పకూడదు, అదీ ఒప్పందంలో ఉంది. అవతలి వైపు లెక్క మాత్రం కొంత బయటికి వచ్చింది. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్, యాక్టివిజన్ విలీనం మీద అమెరికాలో కోర్టు కేసు నడిచినప్పుడు సోనీ దాఖలు చేసిన కాగితాల్లో కొన్ని అంకెల్ని నల్ల మార్కర్‌తో కొట్టేశారు. స్కాన్ చేసేసరికి సిరా వెనక అంకెలు కనిపించాయి. లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం అనే గేమ్‌కి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ అనే గేమ్‌కి 21.2 కోట్ల డాలర్లు ఖర్చయిందని అలా ప్రపంచానికి తెలిసింది. ఆ ఖర్చులో పెద్ద భాగం జీతాలే. అమెరికాలో ఒక డెవలపర్‌కి నెలకి 10 వేల డాలర్ల ఖర్చు వేసుకుని బడ్జెట్ గీయడం చాలాకాలం అక్కడి వాడుక లెక్క, ఇప్పుడు అంతకంటే చాలా ఎక్కువే అంటారు. తెర మీద చూపించాల్సిన సామాను ఏటేటా పెరుగుతోంది, దాన్ని అక్కడి జీతాలతో చేయిస్తే ఖర్చు తట్టుకోలేరు. అందుకే బెంగళూరు, పుణె, గురుగ్రామ్, హైదరాబాద్, చైనా, మలేసియా, వియత్నాం. మా ఉద్యోగాలు పుట్టింది ఆ తేడాలోంచే, దాన్ని నేను దాచను. ఈ పని వల్లే నేను ఇల్లు కొనుక్కున్నాను, మా చెల్లెల్ని చదివించాను.

ఇంకో చిన్న సంగతి. క్లయింట్ డాలర్లలో కడతాడు, ఆర్టిస్టుకి జీతం రూపాయల్లో వస్తుంది. రూపాయి పడిపోయినప్పుడల్లా మధ్యలో మిగిలేది స్టూడియో ఖాతాలో పడుతుంది. ఆర్టిస్టు జీతం స్లిప్పులో అది ఎప్పుడూ కనిపించదు.

47వ నంబరు ఆసెట్

ఆర్డర్‌లో 47వ నంబరు ఒక ఇనప పొయ్యి. పోత ఇనుముతో చేసిన కట్టెల పొయ్యి, నాలుగు వంకర కాళ్లు, ముందు చిన్న తలుపు, పైకి పోయే పొగ గొట్టం. గేమ్‌లో ఆడేవాడు ఆ తలుపు తీస్తే లోపల సగం కాలిన ఉత్తరం దొరుకుతుంది. అంటే ముఖం దగ్గర పెట్టుకుని చూసే వస్తువు. మూల నిలబెట్టిన పీపాలాగా మసకగా చేసి వదిలేస్తే కుదరదు. మేము 9 మ్యాన్‌డేలు కోట్ చేశాం.

దాన్ని చేసినవాడు తెనాలి అబ్బాయి. తెనాలి విగ్రహాల ఊరని మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇతని నాన్నగారు విగ్రహాలు చేసే షెడ్డులోనే పనిచేస్తారు. పాత బండ్ల చైన్లు, బేరింగులు, నట్లు, బోల్టులు తెచ్చి వెల్డింగ్ చేసి నిలువెత్తు బొమ్మలు నిలబెడతారు. అబ్బాయి డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో మాయా, జీబ్రష్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆర్ట్ టెస్టులో ఇచ్చిన గుర్రం తలకి దవడ కండరం సరిగ్గా పెట్టినవాడు ఆ బ్యాచ్‌లో అతనొక్కడే.

మోడల్ మొదటిసారే పాసైంది. టెక్స్చర్ దగ్గర ఆగింది. సాయంత్రం ఏడు దాటాక ఫీడ్‌బ్యాక్ వచ్చేది, వాళ్లకి అది మధ్యాహ్నం. మొదటి రౌండ్‌లో వాళ్లు అన్నదేమిటంటే: తుప్పు మరీ ఎర్రగా ఉంది, అంతటా ఒకేలా ఉంది, పట్టిన తుప్పులా లేదు, పూసిన తుప్పులా ఉంది. నాకు కోపం రాలేదు. నిజంగానే అలా ఉంది. టెక్స్చర్లు వేసే సబ్‌స్టాన్స్ పెయింటర్ సాఫ్ట్‌వేర్‌లో, తుప్పుని దానంతటదే పూసే రెడీమేడ్ జనరేటర్ వేసేశాడు, టైం లేక.

ఆ రాత్రి వాళ్ల నాన్నకి ఫోన్ చేశాడు. ఏ పని మీద అడుగుతున్నాడో చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఇనుముకి తుప్పు ఎలా పడుతుందని మాత్రం అడిగాడు. పొద్దున్న ఆఫీసుకి వచ్చి "అక్కా, ఇది విను" అని ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. "తుప్పు పైనుంచి రాదురా, సందులోంచి వస్తుంది. నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసుకో, అక్కడ మొదలుపెట్టు. చెయ్యి తగిలే చోట పట్టదు, అక్కడ నున్నగా నల్లగా మెరుస్తది." వెంట పదకొండు ఫోటోలు. బోల్టు తల కింద ఉంగరంలా పట్టిన తుప్పు, వెల్డింగ్ అతుకు పక్కన పొరలు పొరలుగా లేచిన తుప్పు, పొర ఊడిన చోట కింద కనిపించే నలుపు.

అబ్బాయి జనరేటర్ తీసేసి, తుప్పు ఎక్కడ కనిపించాలో చెప్పే మాస్కు మొత్తం చేత్తో పెయింట్ చేశాడు. తలుపు కీలు దగ్గర నీళ్లు కారిన చారలు, కాళ్ల అడుగున నేల తడి పీల్చుకున్న గీత, పిడి మీద ఏళ్ల తరబడి చెయ్యి రాసుకుని వచ్చిన మెరుపు. రెండో రౌండ్‌లో రంగు ఇంకొంచెం చల్లగా కావాలన్నారు. మన దగ్గర ఎండకి ఆరుతూ తడుస్తూ పట్టే తుప్పు వేరు, ఎప్పుడూ తడిగా ఉండే చోట పట్టేది వేరు. మూడో రౌండ్‌లో ఓకే అయింది. క్లయింట్ వైపు ఆర్ట్ మేనేజర్ ఆ పిడి మీద స్క్రీన్‌షాట్ తీసి చుట్టూ గుండ్రంగా గీసి, మిగతా వెండర్లకి కూడా ఇది చూపిస్తానని రాసింది. ఆ రోజు టీమంతా బిర్యానీ తెప్పించుకున్నాం.

లెక్కకి వస్తే మొత్తం 15 రోజులు పట్టింది. డబ్బు 9 రోజులకే. మిగతా ఆరు రోజుల్లో రెండు శనివారాలు, ఒక పండగ సెలవు.

గురువారం మెయిల్

ఆరో నెలలో ఒక గురువారం రాత్రి మెయిల్ వచ్చింది. మాతృసంస్థ తన ప్రాజెక్టులన్నిటినీ సమీక్షిస్తోంది కాబట్టి ఈ గేమ్ పని ఆపుతున్నారు, తదుపరి సమాచారం వచ్చేదాకా ఏమీ చేయవద్దు అని. రెండు వారాలకి ఇంకో మెయిల్: గేమ్ రద్దు.

అప్పటికి 120లో 71 అప్రూవ్ అయ్యాయి. 19 రివ్యూలో ఉన్నాయి, అంటే మేము పంపేశాం, వాళ్లు ఇంకా చూడలేదు. 12 ఆర్టిస్టుల మెషీన్ల మీద సగంలో ఉన్నాయి. 18 మొదలే కాలేదు. ఒప్పందంలో ఉన్న వాక్యం ప్రకారం అప్రూవ్ అయినవాటికే డబ్బు. కారణం చూపకుండా ఎప్పుడైనా రద్దు చేసే హక్కు వాళ్లకి ఉంది, 14 రోజుల నోటీసు చాలు. రివ్యూలో ఉన్న 19 ఆసెట్లు పూర్తయిన పని. వాళ్లు చూడలేదు కాబట్టి అప్రూవ్ కాలేదు, అప్రూవ్ కాలేదు కాబట్టి డబ్బు లేదు. నెల రోజులు మెయిళ్లు రాస్తే సగం ఇచ్చారు. సగంలో ఉన్న 12కి ఏమీ రాలేదు.

ఎందుకు ఆపారో మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ ఏడాది పరిశ్రమ మొత్తంలో ఏం జరిగిందో మాత్రం అందరి కళ్లముందూ ఉంది. కోవిడ్ టైంలో ఇళ్లలో కూర్చున్న జనం గేములు విపరీతంగా ఆడారు, వడ్డీ దాదాపు సున్నా, అప్పు తేలిగ్గా పుట్టేది. పెద్ద గ్రూపులు స్టూడియోలని సంతలో సరుకులా కొన్నాయి. 2022 మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టి 2023 జూలైకి 5.25–5.5 శాతానికి చేర్చింది. జనం కూడా మళ్లీ ఆఫీసులకి, బయటికి పోయారు. స్వీడన్‌కి చెందిన ఎంబ్రేసర్ గ్రూప్ సంగతే చూడండి. మా క్లయింట్‌కీ ఈ గ్రూపుకీ సంబంధం లేదు, పద్ధతి అర్థమవుతుందని చెబుతున్నాను. పదుల సంఖ్యలో స్టూడియోలు కొన్న ఈ గ్రూపుకి 200 కోట్ల డాలర్ల ఒక ఒప్పందం నోటిమాటగా ఖాయమై, చివరి నిమిషంలో చెడిపోయిందని 2023 మేలో ప్రకటించింది. ఆ అవతలి పార్టీ సౌదీ ప్రభుత్వ నిధి కింద ఉన్న సావీ గేమ్స్ అని తర్వాత వార్తలొచ్చాయి. ఒక్క రోజులో షేరు 40 శాతం దాకా పడింది. జూన్‌లో పునర్వ్యవస్థీకరణ అన్నారు. ఆగస్టులో, 1993 నుంచి నడుస్తూ ఆ గ్రూపు చేతిలోకి వచ్చిన వొలిషన్ స్టూడియో మూతపడింది. ఎక్కడో ఎవరో మాట తప్పితే అమెరికాలో ఒక ఊళ్లో ముప్ఫై ఏళ్ల స్టూడియో పోయింది.

ఆ ఏడాది ప్రపంచమంతా కలిపి గేమ్ పరిశ్రమలో పది వేలకి పైగా ఉద్యోగాలు పోయాయని లెక్కలు కట్టారు. ఆ లెక్కల్లో ఔట్‌సోర్సింగ్ స్టూడియోల్లో పని లేక బెంచ్ మీద కూర్చోబెట్టి పంపేసినవాళ్లు ఎంతమంది చేరారో నాకు అనుమానమే. మా దగ్గర ఎవరినీ తీసేశామని ప్రకటించలేదు. కాంట్రాక్టు మీద ఉన్న ముగ్గురికి రెన్యూ చేయలేదు, అంతే.

అవతలివాళ్లు సుఖంగా ఉన్నారని కూడా అనుకోవద్దు. పిడి చుట్టూ గుండ్రంగా గీసిన ఆర్ట్ మేనేజర్ ఉద్యోగం కూడా ఆ నెలలోనే పోయింది. పోయే ముందు మా 19 ఆసెట్ల గురించి వాళ్ల పై అధికారులకి రాసిన మెయిల్‌లో నన్ను కూడా సీసీలో పెట్టింది. సగమైనా వచ్చిందంటే ఆమె వల్లే అని నా నమ్మకం. ఆమెకీ నాకూ మధ్య జీతంలో తేడా చాలా ఉంది. కానీ ఆ గురువారం నాడు మా ఇద్దరి పని ఆపింది మేమిద్దరం ఎప్పుడూ చూడని ఒక మీటింగు.

ఔట్‌సోర్సింగ్ స్టూడియోలే చేతులు మారడం కూడా కొత్త కాదు. రాజేశ్ రావు 1997లో బెంగళూరులో పెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ మన దేశంలో ఈ పనికి దారి వేసిన స్టూడియో. దాంట్లో 90 శాతానికి పైగా వాటాని స్వీడన్ కంపెనీ స్టార్‌బ్రీజ్ 85 లక్షల డాలర్లకి కొనింది. 2018 చివర్లో స్టార్‌బ్రీజ్ విడుదల చేసిన ఒక పెద్ద గేమ్ దెబ్బతిని, కంపెనీ అప్పుల పరిష్కారానికి కోర్టుకి వెళ్లింది. 2019లో ధ్రువలో తన వాటాని రాక్‌స్టార్ గేమ్స్‌కి 79 లక్షల డాలర్లకి అమ్మేసింది. మూడు వందల మందికి పైగా ఉద్యోగులు, ఇరవై ఏళ్ల పేరున్న స్టూడియో ధర అది. పైన చెప్పిన 21 కోట్ల బడ్జెట్లలో నాలుగు శాతం కూడా కాదు. గురుగ్రామ్‌లోని ఇలాంటి స్టూడియో లక్ష్య డిజిటల్‌ని 2014లో, గేమ్ కంపెనీలకి రకరకాల పనులు చేసిపెట్టే డబ్లిన్ సంస్థ కీవర్డ్స్ స్టూడియోస్ కొంటే, 2024లో ఆ కీవర్డ్స్‌నే ఈక్యూటీ అనే పెట్టుబడి సంస్థ దాదాపు 210 కోట్ల పౌండ్లకి కొనేసింది. చేతిపని విలువ ఎక్కడ పెరుగుతుందో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. పని పుట్టే చోట కంటే పనులన్నీ మూటగట్టి అమ్మే చోట ఎక్కువ పెరుగుతోంది.

చూపించుకోలేని పని

డబ్బు నష్టం ఆరు నెలల్లో పూడింది, వేరే ప్రాజెక్టు వచ్చింది. పూడనిది ఇంకొకటి ఉంది.

కాంట్రాక్టు రెన్యూ కాని ముగ్గురిలో తెనాలి అబ్బాయి ఒకడు. ఇంటర్వ్యూలకి వెళ్లాడు. మా ఫీల్డులో సర్టిఫికెట్ ఎవరూ అడగరు, పోర్ట్‌ఫోలియో చూస్తారు. రెండేళ్ల తొమ్మిది నెలలు ఏం చేశావంటే చూపించడానికి అతని దగ్గర ఒక్క బొమ్మ లేదు. ఎన్‌డీఏ, అంటే గోప్యత ఒప్పందం, ప్రకారం గేమ్ విడుదలై, క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చూపించాలి. గేమ్ రద్దయింది. అడుగుదామంటే ఆ స్టూడియోలో మాకు తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు. పదిహేను రోజులు పెట్టి చేసిన పొయ్యి, మిగతా 26 ప్రాప్‌లు, ఎవరిదో సర్వర్‌లో పడి ఉన్నాయి.

విడుదలైన గేముల్లోనూ పెద్ద తేడా లేదు. చివర్లో పేర్లు పైకి పోతుంటాయి చూడండి, అక్కడ మాలాంటివాళ్లు ఎక్కువసార్లు కంపెనీ పేరుగానే ఉంటాం. ఒక్క లైను. ఆ లైను వెనక నలభై మంది ఉంటారు.

ఈ కేసు తర్వాత నేను ఒక లాయర్ దగ్గర కూర్చుని మన చట్టం గురించి అడిగాను. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ అని ఉంది. పని మీద హక్కులన్నీ అమ్మేసినా సరే, దాన్ని చేసింది నేనేనని చెప్పుకునే హక్కు చేసినవాడికి మిగిలే ఉంటుందని అది చెబుతుంది. దీని మీద పేరున్న తీర్పు ఒక శిల్పిది కావడం నా మనసులో నిలిచిపోయింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకి చెప్పకుండా ఊడదీసి స్టోరులో పడేశారు. ఆయన కోర్టుకి వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగి ఇవ్వాలని, 5 లక్షల నష్టపరిహారం కట్టాలని చెప్పింది. కొన్నది ప్రభుత్వమే అయినా, చేసినవాడికీ చేసినదానికీ ఉన్న సంబంధం తెగదని ఒప్పుకుంది.

అయితే మా ఒప్పందాల్లో రెండు వాక్యాలు ఈ దారిని మూసేస్తాయి. వివాదం వస్తే క్లయింట్ దేశపు చట్టమే వర్తిస్తుందని ఒకటి. ఆర్టిస్టులు ఇలాంటి హక్కులన్నీ వదులుకుంటున్నారని మరొకటి. ఇరవై రెండేళ్ల పిల్లాడు చేరిన రోజు ఆధార్ జిరాక్స్‌తో పాటు ఈ కాగితం మీద కూడా సంతకం పెడతాడు. నేనూ పెట్టాను. చదవలేదు.

2024 మొదట్లో మా ఒప్పందం నమూనా మార్చాం. రెండు రౌండ్లు దాటిన ఫీడ్‌బ్యాక్‌కి అదనపు మ్యాన్‌డేలు. పంపిన పని పది పనిదినాల్లో చూడకపోతే అప్రూవ్ అయినట్టే లెక్క. ప్రాజెక్టు ఆపితే సగంలో ఉన్నవాటికి అప్పటిదాకా నమోదైన రోజులకి డబ్బు. క్రెడిట్స్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరి పేరు, మధ్యలో మానేసినవాళ్లతో సహా. గేమ్ విడుదలైనా, రద్దయినా, ఏడాది తర్వాత ఆర్టిస్టు తను చేసిన ఆసెట్‌ని గేమ్ పేరు చెప్పకుండా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చు. ఈ చివరిది రాయడానికే నేను ఎక్కువ పట్టుబట్టాను. మా యాజమాన్యానికి మొదట ఇష్టం లేదు, ఉన్న క్లయింట్లు కూడా పోతారని టెన్షన్. వాళ్ల భయంలో న్యాయం ఉంది. పక్క వీధిలో ఇంకో స్టూడియో పాత కాగితం మీదే సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఒక్క స్టూడియో నిలబడితే చాలదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లమంతా ఒకే రకం కాగితం పట్టుకుని కూర్చుంటే తప్ప ఇది నిలబడదని నాకు తెలుసు. ఆ మాట పదిమంది లీడ్‌లతో అన్నాను. ఇద్దరు తమ కాగితాలు మార్చారు.

మూడు క్లయింట్లకి పంపాం. ఒకరు జవాబే ఇవ్వలేదు, పని వేరేచోటికి పోయింది. ఒకరు డబ్బుకి సంబంధించినవన్నీ పెద్దగా బేరమాడకుండా ఒప్పుకుని, పేర్ల మీద, పోర్ట్‌ఫోలియో మీద ఉన్న రెండు పేరాలకీ ఎర్రగీత కొట్టి పంపారు. డబ్బు కంటే పేరు ఇవ్వడానికే వెనకాడతారని నేను అనుకోలేదు. మూడోది చిన్న స్టూడియో, పాతిక మంది ఉంటారేమో. వాళ్లు ఏ గీతా కొట్టలేదు. వాళ్ల గేమ్ విడుదలైనప్పుడు క్రెడిట్స్‌లో మా పదకొండు పేర్లు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. పెద్ద స్క్రీన్ మీద ఆపి ఆపి చూశాం.

తెనాలి అబ్బాయి ఇప్పుడు గేముల్లో లేడు. ఫర్నిచర్ కంపెనీల కేటలాగ్‌కి సోఫాలు, మంచాలు త్రీడీలో చేస్తున్నాడు. పని తేలిక, జీతం కొంచెం నయం అన్నాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ ఫోన్ చేశాడు. "అక్కా, ఎన్‌డీఏ ఐదేళ్లే కదా. 2028లో ఆ పొయ్యి చూపించుకోవచ్చా?" ఎక్కడ పెట్టుకుంటావని అడిగాను, గేముల్లోకి మళ్లీ వద్దామనుకుంటున్నాడేమోనని. "పోర్ట్‌ఫోలియోకి కాదక్కా. నాన్నకి చూపిద్దామని. ఆయన ఫోటోలు దేనికి వాడానో ఇప్పటికీ తెలియదు."

ఫైలు తీసి చూశాను. ఐదేళ్ల గడువు ఆరో పేరాలో ఉంది. తొమ్మిదో పేరాలో, విడుదల కాని గేముల సమాచారానికి గోప్యత గడువు లేదని ఉంది. ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేసి చెప్పాను.